అద్దె ఫ్లాట్‌లో ఉండే కుటుంబం కర్బన ఉద్గారాలను ఎక్కడ తగ్గించుకోగలదు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. విజయవాడలో అద్దె ఫ్లాట్‌లో ఉంటూ నెల జీతం మీద నడిచే నలుగురి కుటుంబం వాతావరణానికి చేస్తున్న హానిని ఎక్కడ తగ్గించుకోగలదన్నది మొదటిది, అలా తగ్గించుకుంటే తేడా ఏమైనా ఉంటుందా అన్నది రెండవది. మేము హైదరాబాద్‌లోని ఉప్పల్‌లో ఉంటాము. కొన్నేళ్లుగా ఇంట్లో ఈ విషయాన్ని పట్టించుకుంటూ వస్తున్నాము కనుక మా అనుభవంలో తేలినదే చెబుతాను. రోజూ గుర్తుపెట్టుకుని పాటించవలసిన నియమాల కంటే, ఒకసారి ఆలోచించి నిర్ణయించుకుని ఆ తరువాత మరిచిపోగలిగిన మార్పులే మా ఇంట్లో నిలిచాయి, ఎక్కువ ఫలితమూ ఇచ్చాయి.

ముందుగా దేని బరువు ఎంతో తెలియాలి. మన దేశంలో ఒక యూనిట్ విద్యుత్తు వాడితే సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం మీ ఊరి పక్కన ఇబ్రహీంపట్నంలో ఉన్నటువంటి బొగ్గు కేంద్రాల నుంచే వస్తుంది. నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి ఏడాదికి ఇది సుమారు రెండున్నర టన్నులు. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోలు వస్తుంది కనుక, లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు ఏడాదిలో 10,000 కిలోమీటర్లు తిరిగితే అది ఒకటిన్నర టన్నులు. 14.2 కిలోల వంట గ్యాస్ సిలిండర్ ఒకటి పూర్తిగా మండితే దాదాపు 42 కిలోలు మాత్రమే. ఈ లెక్కలు ఒక కాగితం మీద రాసుకున్న తరువాతే, అప్పటివరకు మేము ఎక్కువగా మాట్లాడుకుంటున్న ప్లాస్టిక్ సంచులు, పండుగ దీపాలు ఈ జాబితాలో ఎంత కిందికి వస్తాయో మాకు అర్థమైంది. ప్లాస్టిక్ తగ్గించడానికి మురుగు కాలువలు, పశువులు, చెరువులు వంటి మంచి కారణాలు వేరే ఉన్నాయి, అయితే అది వేరే సమస్య.

మన వాతావరణంలో విద్యుత్తు ఖర్చంటే ప్రధానంగా చల్లదనం కోసం పెట్టే ఖర్చే. మాది మేడ మీది అంతస్తు. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా ఎండను తాగిన స్లాబు రాత్రి పన్నెండు దాటాక కూడా గదిలోకి వేడిని వదులుతూనే ఉండేది. డాబా మీద తెల్లటి కూల్ పెయింట్ వేయించిన తరువాత ఆ వేడి స్పష్టంగా తగ్గింది, ఏసీ వేయవలసిన గంటలూ తగ్గాయి. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానాన్ని తీసుకువచ్చింది ఈ కారణంగానే, ఎందుకంటే తెల్లని పైకప్పు ఎండను తిప్పికొట్టి ఇంటి లోపలి వేడిని కొన్ని డిగ్రీలు తగ్గించగలదు. పెద్ద పెట్టుబడి పెట్టలేనివారు సున్నం వేయించుకున్నా ప్రయోజనం ఉంటుంది, కాకపోతే వానలకు కొట్టుకుపోతుంది కనుక ఏటా వేయించాలి. మీరు పై అంతస్తులో ఉంటే ఇంటి యజమానిని అడిగి చూడండి. అద్దెకు ఉన్నవారు అడగదగిన పనుల్లో ఇది తక్కువ ఖర్చుతో అయ్యేది.

రెండవది ఫ్యాన్లు. పాత ఫ్యాన్ 75 వాట్ల వరకు తీసుకుంటే, అదే గాలినిచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్ (బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగేది) సుమారు 30 వాట్లే తీసుకుంటుంది. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాన్‌ను మారిస్తే నెలకు సుమారు 20 యూనిట్లు మిగులుతాయి. ఇంట్లో నాలుగు ఫ్యాన్లు ఉంటే ఆ మిగులు ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోవచ్చు. ధర ఎక్కువే అయినా ఒకేసారి అన్నీ మార్చనవసరం లేదు. ఎక్కువ గంటలు తిరిగే హాలు ఫ్యాన్, పడకగది ఫ్యాన్ ముందుగా మార్చుకుంటే చాలు.

ఏసీ మానుకోమని నేను ఎవరికీ చెప్పను. వడగాడ్పుల రోజుల్లో ముసలివారికి, పసిపిల్లలకు అది విలాసం కాదు. మా అత్తగారి గదిలో మేమే పెట్టించాము. అయితే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని విద్యుత్ పొదుపును చూసే కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల వద్దే మొదలయ్యేలా నిబంధన తెచ్చింది కూడా అందుకే. మేము 27 దగ్గర పెట్టి పైన ఫ్యాన్ నెమ్మదిగా తిప్పుతాము. గాలి కదులుతూ ఉంటే ఒంటికి ఆ తేడా తెలియదు.

ఏసీ విషయంలో విద్యుత్తు కంటే తక్కువగా చర్చకు వచ్చేది దాని లోపల ఉండే గ్యాస్. పాత యంత్రాల్లో ఆర్-22, తరువాతి వాటిలో ఆర్-410ఏ, ఇప్పుడు ఎక్కువగా ఆర్-32 ఉంటాయి. వందేళ్లలో ఎంత వేడిని పట్టి ఉంచుతుందన్న లెక్కలో చూస్తే, ఒక కిలో ఆర్-410ఏ గాలిలో కలవడం సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదలడంతో సమానం, ఆర్-32 అయితే దాదాపు 675 కిలోలతో సమానం. ఇంట్లో వాడే స్ప్లిట్ ఏసీలో ఈ గ్యాస్ కిలోకు అటూ ఇటూగా ఉంటుంది. అది పెట్రోలులాగా వాడుతుంటే అయిపోయేది కాదు, మూసి ఉన్న రాగి గొట్టాల్లో తిరుగుతూ ఉండేది. కనుక మెకానిక్ ప్రతి వేసవిలో గ్యాస్ తగ్గింది, నింపాలి అంటున్నాడంటే ఎక్కడో లీకు ఉన్నదని అర్థం. ముందు లీకు ఎక్కడో వెతికి సరిచేయించి, ఆ తరువాతే నింపమని గట్టిగా అడగండి. అద్దె ఇల్లు మారేటప్పుడు ఇది మరీ ముఖ్యం. ఏసీ విప్పే ముందు దాన్ని నడుపుతూ, వాల్వులు ఒకదాని తరువాత ఒకటి మూసి, గ్యాస్ అంతటినీ బయటి యూనిట్‌లోకి చేర్చడాన్ని పంప్ డౌన్ అంటారు. అది చేస్తే గ్యాస్ గాలిలోకి పోదు, కొత్త ఇంట్లో మళ్లీ నింపించే డబ్బూ మిగులుతుంది. తొందరలో ఉన్న పనివాళ్లు గొట్టాలు విప్పి గ్యాస్‌ను గాలికి వదిలేయడం నేను కళ్లారా చూశాను. పక్కన నిలబడి అడగడానికి పట్టేది కొద్ది నిమిషాలే, అయినా అది అనేక వారాల విద్యుత్తు పొదుపు కంటే విలువైనది.

సొంత డాబా ఉన్నవారికి సౌర ఫలకాలు అన్నిటికంటే పెద్ద మార్పు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల ఏర్పాటుకు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తుంది. దానికి సుమారు 300 చదరపు అడుగుల నీడ పడని స్థలం కావాలి. మన ఎండకు అది రోజుకు సగటున 12 యూనిట్ల దాకా ఇస్తుంది. మీది అద్దె ఫ్లాట్ కనుక మీ చేతుల్లో అంతగా లేదు, కానీ లిఫ్టు, నీటి మోటారు, మెట్ల దీపాల వంటి ఉమ్మడి అవసరాల కోసం నివాస సంఘాలకు కూడా కిలోవాట్‌కు 18,000 రూపాయల చొప్పున సబ్సిడీ ఉందన్న సంగతి మీ అపార్ట్‌మెంట్ సమావేశంలో చెప్పవచ్చు.

గ్యాస్ పొయ్యి బదులు ఇండక్షన్ పొయ్యి కొనాలా అన్న సందేహమూ వస్తుంది. చాలామంది వెంటనే కొనమంటారు. నేను మాత్రం తొందరపడవద్దంటాను. ఒక సిలిండర్ వండే వంటను ఇండక్షన్ మీద వండాలంటే సుమారు 125 యూనిట్లు కావాలి, అంటే నేటి బొగ్గు విద్యుత్తు లెక్కన 85 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్. సిలిండర్ మండితే వచ్చేది అందులో సగమే. డాబా మీద సౌర విద్యుత్తు ఉండి పగటిపూట వండుకునేవారికి ఇండక్షన్ చక్కగా సరిపోతుంది. మిగిలినవారు పప్పు ముందుగా నానబెట్టడం, కుక్కర్ వాడడం, కూతకు రాగానే మంట తగ్గించడం వంటి పాత అలవాట్లు కొనసాగించినా తప్పేమీ లేదు.

తిండి దగ్గరికి వస్తే మాట జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో పెద్దవారితో ఇక్కడే గొడవలు వస్తాయి. ఆవులు, గేదెలు, మేకలు, గొర్రెలు నెమరు వేసేటప్పుడు మీథేన్ వదులుతాయి. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచే వాయువు. అందుకే కిలోకు కిలో చూస్తే వేటమాంసం భారం కోడిమాంసం కంటే చాలా ఎక్కువ. మేము వేటమాంసాన్ని పండుగలకు, చుట్టాల రాకకు పరిమితం చేసుకున్నాము. మిగతా రోజుల్లో చేపలు, గుడ్లు, కోడి వండుతాము. పెరుగు మానలేదు, మానాలని ఎవరినీ అడగలేదు. వరి సంగతి కూడా ఇలాంటిదే. నీరు నిలిచిన మడిలో గాలి అందని బురద నుంచి మీథేన్ వస్తుంది. మిర్యాలగూడ దగ్గర సాగు చేసే మా బావగారు మడిలో రంధ్రాల గొట్టం పాతి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగిన తరువాతే మళ్లీ నీరు పెట్టే పద్ధతిని కొంత పొలంలో చేసి చూశారు. పూత దశలో మాత్రం నీరు నిలిపి ఉంచుతారు. ఈ పద్ధతిలో మీథేన్ బాగా తగ్గుతుంది, దిగుబడి తగ్గలేదని ఆయన చెబుతారు. పట్నంలో మనం చేయగలిగింది రాత్రి పూట ఒక భోజనాన్ని జొన్నరొట్టెకో, రాగి సంకటికో, కొర్రన్నానికో మార్చుకోవడం. మా అత్తగారికి అది కొత్త తిండి కాదు, చిన్ననాటి తిండి. అందుకే ఇంట్లో అన్నిటికంటే ముందు ఒప్పుకున్నది ఆవిడే.

తడి చెత్త గురించి ఒక్క మాట. చెత్తకుప్పలో గాలి ఆడక కుళ్లితే అదీ మీథేనే అవుతుంది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజూ పోగయ్యే వ్యర్థాల నుంచి బయోగ్యాస్, దాని నుంచి విద్యుత్తు తీస్తున్నారు. ఇంటి స్థాయిలో బాల్కనీలో మూత ఉన్న రెండు కుండీలు, కొబ్బరి పొట్టు ఉంటే కంపోస్టు అవుతుంది.

రోజువారీ ప్రయాణంలో మాకు బాగా పనికివచ్చినది మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో ఇల్లు ఉండడమే. ఉప్పల్ నుంచి బేగంపేటలోని ఆఫీసుకు ఒకే లైను మీద వెళ్లివస్తాను, కారు చాలావరకు ఇంటి దగ్గరే ఉంటుంది. మీకు మెట్రో లేదు కానీ సిటీ బస్సులు ఉన్నాయి. ఈసారి ఇల్లు మారేటప్పుడు అద్దెతో పాటు ఆఫీసు, బడి ఎంత దూరమో చూసుకోండి. ఆ ఒక్క నిర్ణయం వల్ల ప్రతిరోజూ పెట్రోలు మిగులుతుంది.

అయితే ఇంతవరకు చెప్పినవాటిని మించినది మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఉన్న అమెరికా ప్రయాణం. హైదరాబాద్ నుంచి అమెరికాకు వెళ్లివచ్చే ఒక్క మనిషి వాటా ఎకానమీ తరగతిలోనే సుమారు రెండు నుంచి మూడు టన్నులు. సగటు భారతీయుడి వాటా ఏడాదికి దాదాపు రెండు టన్నులని గుర్తుంచుకుంటే దీని బరువు తెలుస్తుంది. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది, వెళ్లకుండా ఉండడం మాకు సాధ్యం కాదు. రెండు చిన్న ప్రయాణాలకు బదులు ఒకసారి వెళ్లి కొన్ని నెలలు ఉండివస్తున్నాము. మనవడితో గడిపే రోజులు తగ్గలేదు, విమానయానాలు సగమయ్యాయి. దేశంలో తిరుపతికైనా, విశాఖకైనా రాత్రి రైలే ఎక్కుతాము.

ఇక మీ రెండవ ప్రశ్న. ఒక్క ఇంటి వల్ల వాతావరణం మారదు, బొగ్గు కేంద్రాల స్థానంలో ఏమి వస్తుందన్నది ప్రభుత్వాలు తేల్చవలసిన విషయం. అమెరికాలో మనిషికి సగటున 14 టన్నుల దాకా వెలువడుతున్నప్పుడు మనమే ఎందుకు తగ్గించుకోవాలన్న వాదన కూడా న్యాయమైనదే. కానీ ఏసీ, కారు, విమానం ఉన్న మనం ఆ రెండు టన్నుల సగటులో లేము. ఆ సగటు తక్కువగా ఉన్నది ఇవేవీ లేనివారి వల్లనే, వడగాడ్పులకు ముందుగా బలయ్యేదీ వారే. నాకు ఆ కారణం చాలు. పైగా మా డాబా మీద పెట్టించిన సౌర ఫలకాలు చూసి వీధిలో మరికొందరు పెట్టించుకున్నారు. మా మెకానిక్ ఇప్పుడు అడగకుండానే పంప్ డౌన్ చేస్తున్నాడు.

మీ పరిస్థితిలో నేనైతే ఈ క్రమంలో వెళతాను. వేసవికి ముందు ఏసీ సర్వీసు చేయించి లీకు ఉన్నదేమో చూపించండి, ఏడాది కరెంటు బిల్లులు ఒకచోట పెట్టి ఏ నెలలో ఎంత పెరుగుతున్నదో చూడండి, జీతంలో వీలైనప్పుడల్లా ఒక్కో ఫ్యాన్ మార్చండి. ఫ్యాన్లు మీవే కనుక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు విప్పి తీసుకుపోవచ్చు, పాతవి దాచి ఉంచి యజమానివి యజమానికి బిగించి ఇస్తే సరిపోతుంది.