చేప నుంచి సోకే పురుగులపై మందుల పరీక్ష: దీన్ని నమ్ముకుని చదవొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ చదువుతోంది. చేపల ద్వారా మనుషులకు సోకే ఏలికపాముల జాతి పురుగులపై మందులు పరీక్షించే ప్రాజెక్టు చేస్తానంటోంది. దీనికి ఉద్యోగాలుంటాయా? ఆ పురుగులతో పనిచేస్తే తనకేమైనా అవుతుందా?

జవాబు: అమ్మా, ముందు మీ రెండో భయం గురించి చెబుతాను. వీటిలో ముఖ్యమైనది అనిసాకిస్. పచ్చిగా, సరిగా ఉడకకుండా తిన్న చేపలో బతికున్న లార్వా (పిల్ల పురుగు) కడుపులోకి వెళితేనే అది సోకుతుంది. ముట్టుకుంటే సోకదు. అయితే చచ్చిన పురుగులోని ప్రొటీన్లు కూడా కొందరికి తీవ్రమైన అలర్జీ తెప్పిస్తాయి. చేప తిన్నాక మీ అమ్మాయికి ఎప్పుడైనా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే ల్యాబ్‌లో చేరేముందే డాక్టర్‌కి, గైడ్‌కి చెప్పాలి. గ్లౌజులు మానకూడదు.

ఆమె ఎంచుకున్న ప్రశ్న నాకు చాలా నచ్చింది. ఈ లార్వా కడుపు గోడలోకి చొచ్చుకుపోతే కొన్ని గంటల్లోనే విపరీతమైన నొప్పి వస్తుంది. డాక్టర్లు ఎండోస్కోపీతో లాగేస్తారు. నులిపురుగులకు వాడే ఆల్బెండజోల్ మందు కొందరికి ఇచ్చినా, ఇదే సరైన మందని స్థిరపడినది ఇంకా లేదు. పరీక్ష కూడా అంత తేలిక కాదు. చేపలోంచి తీసిన లార్వాలను 37 డిగ్రీల దగ్గర వేర్వేరు మోతాదుల మందులో ఉంచి, కదలికలు గమనిస్తారు. కదలకపోతే చచ్చినట్టేనా? మందు లేని ద్రావణంలోకి మారిస్తే మళ్లీ కదలొచ్చు. చావకపోయినా, గోడలోకి దూరే శక్తి పోతే రోగికి అదీ మేలే కదా! అందుకే అగార్ అనే జెల్లీలాంటి పదార్థంలోకి దూరగలదో లేదో కూడా చూస్తారు. పైగా ఆ మందు కడుపులోని ఆమ్లానికి తట్టుకోవాలి.

ఇక ఉద్యోగం. ఒక్క అనిసాకిస్ కోసమే మనిషిని తీసుకునే చోట్లు బాగా తక్కువ. దాచిపెట్టి లాభం లేదు. కానీ మోతాదుకీ ఫలితానికీ సంబంధం లెక్కగట్టడం, పోల్చి చూడటానికి మందు వేయని కంట్రోల్స్ పెట్టడం, మందు మనిషి కణాలకు హాని చేస్తుందేమో చూడటం వచ్చినవాళ్లు ఫార్మా, పశువుల మందుల కంపెనీల్లో, ఆహార పరీక్షల ల్యాబుల్లో పనికొస్తారు. కాబట్టి పురుగు పేరు కంటే గైడ్‌ని చూసి చేరమనండి. ఈ పరీక్షలన్నీ ఆమె చేత్తోనే చేయనిస్తారా, పైకి ఒకేలా కనిపించే జాతుల్ని డీఎన్ఏతో గుర్తించడం నేర్పుతారా అని ముందే అడగాలి. ఈలోపు స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకోమనండి. పీహెచ్‌డీ మాటకి ఇప్పుడే టెన్షన్ పడొద్దు, ప్రాజెక్టు అయ్యాక తననే తేల్చుకోనివ్వండి.