గోధుమ మానేస్తే ఐదు కిలోలు తగ్గాను.. జీవితాంతం మానాలా?

ప్రశ్న: నా వయసు 36, ఎత్తు 156 సెంటీమీటర్లు. తిరుపతిలో ఉద్యోగం. గోధుమలో ఉండే గ్లూటెన్ మంచిది కాదని విని మూడు నెలల క్రితం గోధుమ, మైదా మానేశాను. 74 కిలోల నుంచి 69కి వచ్చాను. కడుపు ఉబ్బరం పోయింది, ఒళ్లు తేలికగా ఉంది. ఇదివరకు పొద్దున పూరీ, పదకొండింటికి టీతో బిస్కెట్లు, సాయంత్రం బస్టాండు దగ్గర ఎగ్ పఫ్, రాత్రి చపాతీ కుర్మా తినేదాన్ని. ఇప్పుడు ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఉడికించిన వేరుశనక్కాయలు, రాత్రి రాగి సంగటి, ఆకుకూర పప్పు. జీవితాంతం ఇలాగే ఉండాలా? ఎనిమిదేళ్ల మా బాబుకూ గోధుమ మాన్పించాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: ఐదు కిలోలు తగ్గడం మాటలు కాదు, అభినందనలు. కానీ ఆ ఘనత గ్లూటెన్ మానడానిదని నేను అనుకోవడం లేదు. మీరు రాసిందే మరోసారి చదవండి. మీ పళ్లెంలోంచి పోయినవి నూనెలో వేగిన పూరీ, చక్కెర దట్టించిన బిస్కెట్లు, పొరపొరకూ కొవ్వు పట్టిన పఫ్. వాటి వెంట గ్లూటెన్ కూడా పోయింది, అంతే. గోధుమపిండి, బియ్యప్పిండి, రాగిపిండి తూకానికి తూకం వేసి చూస్తే కేలరీల్లో పెద్ద తేడా ఉండదు. నిన్నమొన్నటి దాకా బరువు తగ్గాలంటే రాత్రి అన్నం మాని చపాతీ తినమన్నవాళ్లే ఇవాళ చపాతీ మానమంటున్నారు. పాపం, గోధుమ ఏం చేసింది?

ఇక ఉబ్బరం సంగతి. గోధుమలో గ్లూటెన్ అనే ప్రొటీనే కాదు, ఫ్రక్టాన్లనే పిండిపదార్థమూ ఉంటుంది. అది చిన్నపేగులో అరగదు. పెద్దపేగులో బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. ఉల్లి, వెల్లుల్లిలోనూ ఇవే ఉంటాయి. అవి ఎక్కువగా తిన్న రోజు కూడా మీకు పొట్ట బిగుసుకుంటే, అసలు కారణం గ్లూటెన్ కాకపోవచ్చు.

గ్లూటెన్‌ను జీవితాంతం మానాల్సింది ముఖ్యంగా సీలియాక్ జబ్బు ఉన్నవారు. వారిలో గ్లూటెన్ తగలగానే రోగనిరోధక వ్యవస్థ ఎదురుతిరిగి చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. పోషకాలు ఒంటికి పట్టవు. ఐరన్ మాత్రలు మింగినా తగ్గని రక్తహీనత, నెలల తరబడి విరేచనాలు, కారణం తెలియకుండా బరువు పడిపోవడం, పిల్లల్లో ఎదుగుదల ఆగడం దీని గుర్తులు. మన దేశంలో ఇది ఉత్తరాది రాష్ట్రాల్లోనే ఎక్కువ, దక్షిణాదిలో అరుదు. ఈ జబ్బున్నవారు చపాతీ, బొంబాయి రవ్వ, సేమియా మానితే సరిపోదు. వంటింట్లో ఇంగువ డబ్బా తిప్పి పదార్థాల జాబితా చూడండి. చాలా రకాల్లో గోధుమపిండో మైదానో కలిసి ఉంటుంది. మీరు మూడు నెలలుగా చారులో ఆ ఇంగువే వేస్తూ ఉండవచ్చు. మీకు చిటికెడే, వారికి ఆ చిటికెడూ పనికిరాదు. బార్లీలోనూ గ్లూటెన్ ఉంటుంది కాబట్టి, దానితో చేసే మాల్ట్ పానీయాలదీ అదే కథ.

మీకు ఆ జబ్బు ఉందో లేదో తేల్చుకోవాలంటే ఒక చిక్కు ఉంది. టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేస్ అనే యాంటీబాడీ పరీక్ష గోధుమ తింటున్నప్పుడే నమ్మదగినది. మూడు నెలలు మానేశాక చేయిస్తే, జబ్బు ఉన్నా లేదని రావచ్చు. పై గుర్తుల్లో ఏదైనా ఉన్నా, తోబుట్టువుల్లోనో తల్లిదండ్రుల్లోనో సీలియాక్ ఉన్నా జీర్ణకోశ వైద్యులను కలవండి. వారు సాధారణంగా ఆరు వారాలపాటు మళ్లీ గోధుమ తినమని చెప్పి, ఆ తర్వాత రక్తం పరీక్షిస్తారు. అవసరమైతే ఎండోస్కోపీలో పేగు ముక్క తీసి చూస్తారు. అవేమీ లేకపోతే వారానికి మూడు నాలుగు రోజులు రెండేసి చపాతీలు తిని చూడండి. పొట్ట ఏమీ అనకపోతే గోధుమను వెలివేయనక్కర్లేదు.

ఇప్పటి భోజనం బాగుంది, మార్చకండి. రాగుల్లో కాల్షియం, పీచు రెండూ దండిగా ఉంటాయి. అయితే సంగటి ముద్ద చూడటానికి ఒకటే, పెద్దదైతే రెండు ముద్దల లెక్క. మీ పిడికిలంత చాలు. వేరుశనక్కాయలు కూడా గుప్పెడు దాటనివ్వకండి. గ్లూటెన్ ఫ్రీ అని ముద్రవేసిన ఖరీదైన బిస్కెట్ల జోలికి మాత్రం వెళ్లకండి. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ లేదని మాత్రమే ఆ ముద్రకు అర్థం. చక్కెర, నూనె అందులోనూ ఉంటాయి. మీ ఎత్తుకు ఇంకా బరువు తగ్గాలి. వచ్చే ఆరు నెలల్లో 63 కిలోలకు వస్తే చాలు, తొందర వద్దు.

బాబు చక్కగా ఎదుగుతూ, కడుపునొప్పి, విరేచనాలు లేకుండా ఉంటే వాడి చపాతీ వాడికి పెట్టండి. మాన్పించాల్సింది బిస్కెట్ ప్యాకెట్‌నే.