బ్రామ్లీ-మూర్‌కి వెళ్తున్న మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా,

ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆట చూడ్డానికి ఒక్కడివే లివర్‌పూల్ వెళ్తున్నావని వదిన ఫోన్ చేసింది. గుంటూరులో అర్ధరాత్రి టీవీ సౌండు తగ్గించుకుని మ్యాచ్‌లు చూసిన పిల్లాడు ఇప్పుడు బ్రామ్లీ-మూర్ రేవులో కట్టిన ఆ క్లబ్బు కొత్త స్టేడియంలో కూర్చోబోతున్నాడంటే నా ఛాతీ కూడా ఉబ్బింది. ఆ వెంటనే దడ పట్టుకుంది. విసుక్కోకుండా చదువు.

టికెట్ క్లబ్బు దగ్గరే కొను. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ టికెట్లు అనుమతి లేకుండా అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం. సంచి తీసుకెళ్లకు. లోపల నోట్లు తీసుకోరు, కార్డుంచుకో. వదిన అల్లి పంపిన మఫ్లర్ మాత్రం పెట్టెలోనే ఉండనీ. అది ఎరుపు. ఆ ఊళ్లో ఎరుపంటే అవతలి క్లబ్బు, లివర్‌పూల్ వాళ్లది.

లైమ్ స్ట్రీట్ రైల్వే స్టేషన్‌లో దిగి నాలుగడుగులు వేస్తే సెంట్రల్ స్టేషన్. నార్తర్న్ లైన్ లోకల్ రైలు ఎక్కు. మూర్‌ఫీల్డ్స్ తర్వాత శాండ్‌హిల్స్, అక్కడ దిగిపో. పాత వీడియోలు చూసి కర్క్‌డేల్ దాకా వెళ్లావంటే పాత స్టేడియం గుడిసన్ పార్కు దగ్గర తేల్తావు. 1892 నుంచి 2025 మే దాకా మగవాళ్ల జట్టు ఆడింది అక్కడే, ఇప్పుడు ఆడవాళ్ల జట్టు ఆడుతోంది. చూడాలనుంటే మర్నాడు పొద్దున వెళ్లు, మ్యాచ్ రోజు వద్దు.

శాండ్‌హిల్స్ నుంచి పావుగంట నడక. మూడింటి ఆటకి ఒంటిగంటకల్లా చేరు. రీజెంట్ రోడ్డు వెంట పాత రేవు ప్రహరీ గోడ ఉంటుంది, దగ్గరికెళ్లి చూడు. చిన్నా పెద్దా, వంకరా టింకరా గ్రానైటు రాళ్లు ఒకదానిలో ఒకటి ఇమిడిపోయి ఉంటాయి. ఆ రేవు కట్టించిన జెస్సీ హార్ట్‌లీ పనితనం అది. 1848లో తెరిచిన రేవు. దాన్ని సముద్రపు ఇసుకతో పూడ్చి, దాని మీద ఈ స్టేడియం లేపారు. అంటే నువ్వు కూర్చునేది వట్టి నది ఒడ్డున కాదు, ఒకప్పుడు ఓడలు నిలిచిన చోట. మెర్సీ నది మీది గాలి ఎముకలు కొరుకుతుంది. లోపల థర్మల్, మీద స్వెట్టరు, ఆపైన గాలి దూరని జాకెట్టు. రెండు జతల మేజోళ్లు తొడుక్కో, కానీ బూట్లు బిగుతైతే కాళ్లు ఇంకా చల్లబడతాయి. వేడిగా ఏదైనా తాగాలనిపిస్తే టీ అని అడుగు. బోవ్రిల్ అని ఇస్తే అది గొడ్డుమాంసం సారం, బామ్మకి తెలిస్తే ఇంట్లోకి రానివ్వదు.

సౌత్ స్టాండులో సీటొస్తే అదృష్టవంతుడివి. పదమూడు వేల మంది ఒకే అంతస్తులో, దాదాపు 35 డిగ్రీల వాలు. మెట్లు దిగేటప్పుడు ఫోన్ చూడకు. బీరు చేత్తో పట్టుకుని సీట్లోకి రానివ్వరు, ఆ గొడవ నీకెలాగూ లేదనుకుంటాను.

ఇక అసలు సంగతి. ఉప్పల్ మ్యాచ్ మర్చిపోయావా? ఇంజినీరింగ్ రెండో ఏడు. మధ్యాహ్నం నుంచి వీడియోలు తీసీ తీసీ, ఆఖరి ఓవరుకి ఫోన్‌లో నాలుగు శాతం. ఆఖరి బంతి పడిందో లేదో మెట్రో దొరకదని పరుగు. గేటు దగ్గర తోపులాటలో స్నేహితులు ఒక పక్క, నువ్వొక పక్క. ఫోన్ చచ్చింది. వదిన రాత్రి రెండింటిదాకా బాల్కనీలో నిలబడింది. చెప్పు తెగిన కాలితో ఇంటికొచ్చి "ఏమైందిప్పుడు?" అన్నావు చూడు, ఆ మాటకి నిన్ను నాలుగు తగిలించాలనిపించింది నాకు. మీ నాన్న ఏమీ అనకుండా నీ కాలికి పసుపు రాశాడు.

అదే పని అక్కడ చేస్తే ఇంతకు పదింతల చిక్కు. మ్యాచ్ టికెట్, తిరుగు రైలు టికెట్, బ్యాంకు, దారి, అన్నీ ఆ ఫోన్లోనే. చలికి బ్యాటరీ మామూలుకంటే త్వరగా పడిపోతుంది, సగం ఉందనుకున్నది ఉన్నట్టుండి ఆరిపోతుంది. అందుకని ఫోన్ జాకెట్ లోపలి జేబులో, ఒంటికి తగిలేలా పెట్టు. పవర్‌బ్యాంకు, తీగ వేరే జేబులో. మ్యాచ్ టికెట్‌ని ముందురోజే ఫోన్ వాలెట్లోకి ఎక్కించు, గేటు దగ్గర వేలమంది మధ్య నెట్‌వర్క్ దొరుకుతుందని నమ్మకు. రైలు టికెట్ కాగితం మీద తీసుకో. నా నంబరు, వదిన నంబరు ఇంకో చీటీ మీద రాసుకో. నవ్వకు, రాసుకో.

ఆట ముగిశాక లేవకు. దాదాపు 53 వేల మంది ఒక్కసారి బయటపడతారు. శాండ్‌హిల్స్‌లో రెండు పట్టాల మధ్య ఒకటే ప్లాట్‌ఫారం, జనాన్ని విడతలు విడతలుగా పంపక తప్పదు. క్యూలో గంట పట్టినా పట్టొచ్చు. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జనం ఒత్తిడికి నలిగి 97 మంది లివర్‌పూల్ అభిమానులు పోయారు. 2025 జూన్‌లో బెంగళూరు స్టేడియం బయట తొక్కిసలాటలో పదకొండు మంది పోయారు. ఆ రాత్రి నేను ఎన్నిసార్లు నీకు ఫోన్ చేశానో నీకు గుర్తుండదు.

ఇరవై నిమిషాలు సీట్లోనే కూర్చుని, తర్వాత రైలు మాట మర్చిపోయి గ్రేట్ హోవర్డ్ స్ట్రీట్ వెంట ఊళ్లోకి నడిచెయ్. అరగంట పైనే పడుతుంది. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది, జనంతోనే నడువు, సందుల్లోకి తిరక్కు. లైమ్ స్ట్రీట్‌లో రైలు ఏడున్నరకి ముందుది కొనకు.

రైలెక్కాక మెసేజ్ పెట్టు. ముందు మీ అమ్మకి. స్కోరు నాకు చెప్పక్కర్లేదు, నేనూ చూస్తూనే ఉంటాను.

మీ అత్తయ్య