గుండెలో అమర్చే పరికరాలు కనిపెట్టాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి హన్మకొండలో ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతోంది. నిరుడు మా నాన్నకు స్టెంట్ (గుండె రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే జాలీ గొట్టం) వేసినప్పటి నుంచి, అలాంటివి తనే కనిపెడతానంటోంది. బయాలజీ లేదు కదా, బైపీసీకి మార్చాలా? బయోమెడికల్ ఇంజినీరింగ్‌లోనే చేర్చాలా?
– ఒక తండ్రి, పరకాల

జవాబు: మార్చకండి. ఆమె ఇప్పుడున్న గ్రూపే ఈ పనికి సరైనది. స్టెంట్ వేసేది డాక్టరే అయినా దాన్ని తయారు చేసే పని ముందు లోహానిది, తర్వాతే వైద్యానిది.

ఎలాగో చూడండి. సన్నని కోబాల్ట్ క్రోమియం గొట్టాన్ని లేజర్‌తో జాలీలా కోస్తారు. కోసిన అంచులను ఎలక్ట్రోపాలిషింగ్‌తో, అంటే ద్రావణంలో కరెంటు పంపి, నునుపు చేస్తారు. తర్వాత ముడిచిన బెలూన్ మీద నొక్కి బిగిస్తారు; రక్తనాళంలో ఆ బెలూన్ ఉబ్బితే స్టెంట్ విచ్చుకుంటుంది. ఇప్పటి స్టెంట్లలో ఆ జాలీ పుల్లల మందం చాలావరకు 60–80 మైక్రాన్లు, ఇంచుమించు తల వెంట్రుకంత. మణికట్టు నుంచి లోపలికి పోయే గైడింగ్ కాథెటర్ (స్టెంట్‌కు దారి ఇచ్చే సన్నని గొట్టం) బయటి వ్యాసం సాధారణంగా 2 మి.మీ., దానిలోంచి ముందు వెళ్లి దారి చూపే తీగ, గైడ్‌వైర్, 0.36 మి.మీ. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండె ఏడాదికి దాదాపు 3.8 కోట్ల సార్లు, పదేళ్లలో 38 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. అన్నిసార్లు వంగినా పుల్ల విరగకూడదు. అందుకే పరీక్ష యంత్రంలో స్టెంట్‌ను సుమారు 40 కోట్ల సార్లు సాగదీసి వదులుతారు. ఇదంతా మెటలర్జీ (లోహశాస్త్రం), మెకానికల్ వాళ్ల పని.

ఒక్క పదార్థం ఎంపిక తప్పితే ఏళ్ల శ్రమ వెనక్కి పోతుంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో గుండె కవాటం తయారు చేసినప్పుడు మూడు నమూనాలు విఫలమయ్యాయి. గట్టిగా ఉంటుందని నీలమణి స్ఫటికంతో చేసిన బిళ్లను కూడా వాడి చూశారు. చివరికి నిలబడిన నాలుగో నమూనాలో కోబాల్ట్ క్రోమియం చట్రం, పాలిథిలిన్ బిళ్ల ఉన్నాయి. దాన్ని 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చారు. రెండు భాగాలు కోట్లసార్లు తాకుతున్నప్పుడు రెండూ గట్టివైతే చాలదు, ఆ జోడీ కుదరాలి.

కాబట్టి స్టెంట్లు, కవాటాలు, కాథెటర్ల మీద మనసుంటే మెకానికల్ లేదా మెటలర్జీ తీసుకోవాలి. గుండె లయను సరిచేసే పేస్‌మేకర్లయితే ఈసీఈ (ఎలక్ట్రానిక్స్). ఈ మూడూ మన వరంగల్ నిట్‌లోనే ఉన్నాయి, సీటు జేఈఈ మెయిన్ ర్యాంకుతో. సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకే. బయోమెడికలే కావాలంటే ఐఐటీ హైదరాబాద్‌లో జేఈఈ అడ్వాన్స్‌డ్‌తో, ఉస్మానియాలో ఈఏపీసెట్‌తో చేరవచ్చు. మిగతా కాలేజీల విషయంలో మాత్రం తొందరపడొద్దు. కొన్నిచోట్ల చదువంతా ఆసుపత్రి యంత్రాల మరమ్మతు చుట్టూ తిరుగుతుంది. చేరేముందు ల్యాబ్ చూడండి: లేత్, మిల్లింగ్ మిషన్ల మీద పిల్లలు చేయి పెడుతున్నారా? ఏ ఆసుపత్రితో ఒప్పందం ఉంది? జవాబు తడబడితే మెకానికలే నయం. బీటెక్ తర్వాత గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ పేపర్ ఉంది. శ్రీచిత్ర, ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ కలిసి నడిపే క్లినికల్ ఇంజినీరింగ్ ఎంటెక్‌లో ఆసుపత్రి పని దగ్గరగా చూసే వీలుంటుంది. ఈ దారిలో నేను ముందుగా చెప్పేది అదే.

బయాలజీ సంగతి. గుండె, రక్తనాళాల నిర్మాణం, రక్తం గడ్డకట్టే తీరు, గాయం మానే తీరు: ఈ నాలుగూ వారానికి రెండు గంటల చొప్పున చదివితే ప్రస్తుతానికి చాలు.

చేతిపని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. రక్తనాళానికి బదులుగా, లోపలి వ్యాసం 4 మి.మీ. ఉన్న పారదర్శక పీవీసీ గొట్టాన్ని చెక్క మీద మూడు వంపులు తిప్పి బిగించండి. వంపు అర్ధవ్యాసం 2 సెం.మీ. దాటొద్దు. లోపల ఆరు పాళ్లు నీళ్లు, నాలుగు పాళ్లు గ్లిజరిన్ పోస్తే రక్తం చిక్కదనానికి దగ్గరగా వస్తుంది. కాథెటర్‌కు బదులుగా 2 మి.మీ. ప్లాస్టిక్ గొట్టాన్ని అందులోకి తోస్తూ, ఎంత బలం పడుతోందో స్ప్రింగ్ త్రాసుతో కొలిచి రాసుకోవాలి. రెండో వంపు దగ్గరికొచ్చేసరికి గొట్టం మడత పడే అవకాశం ఎక్కువ. ఇవతల చేత్తో తిప్పితే అవతల కొస తిరగదు. అసలు కాథెటర్ గోడలో సన్నటి స్టీలు తీగల అల్లిక ఎందుకుంటుందో అక్కడ అర్థమవుతుంది. గొట్టం పొడిగా ఉంచడం, వంపులు మరీ వెడల్పుగా పెట్టడం మొదట్లో అందరూ చేసే తప్పులు. పొడిగా ఉంటే రాపిడి పెరిగి మంచి డిజైన్ కూడా చెడ్డదిగా, వంపులు వెడల్పుగా ఉంటే ఏ డిజైనైనా బాగున్నట్టే కనిపిస్తుంది.

త్రీడీ ప్రింటర్ దొరికితే ఇంకో జాగ్రత్త. అందులో వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ యంత్రం వేడి 121 డిగ్రీలు. దీన్ని ఎలా స్టెరిలైజ్ చేస్తారు అన్న ప్రశ్న నోట్‌బుక్ మొదటి పేజీలోనే ఉండాలి.

వరంగల్‌లో కాథ్‌ల్యాబ్ (స్టెంట్లు వేసే గది) ఉన్న ఆసుపత్రికి వెళ్లి, గడువు తీరిన, సీలు విప్పని కాథెటర్ ఇస్తారా అని అడగండి. వాడినది ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టొద్దు, అది బయోమెడికల్ వ్యర్థం. టెక్నీషియన్లతో మాట్లాడితే అవసరం తెలుస్తుంది. దాన్ని పరిష్కారం జోడించకుండా ఒక్క వాక్యంలో రాయాలి. ‘ఇంకా సన్నని బెలూన్ కావాలి’ అన్నది అవసరం కాదు. ‘వంపులో సున్నం పేరుకున్న చోట బెలూన్ ముందుకు పోవడం లేదు’ అన్నది అవసరం. మనుషుల మీద, జంతువుల మీద సొంత ప్రయోగాలు వద్దేవద్దు.

కొత్త ఆలోచన తడితే సైన్స్ ఫెయిర్‌లోనో యూట్యూబ్‌లోనో పెట్టేముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంట్ దరఖాస్తు వేయాలి. ముందే బయటపెడితే కొత్తదనం పోయి పేటెంట్ చేజారవచ్చు. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజు రూ.1,600. పన్నెండు నెలల్లో పూర్తి వివరాలు దాఖలు చేయాలి. మన చట్టంలో చికిత్సా విధానానికి పేటెంట్ రాదు, పరికరానికే వస్తుంది.

ఇది నిదానంగా నడిచే రంగం. 2017 వైద్య పరికరాల నిబంధనల్లో స్టెంట్లు, కవాటాలు అత్యధిక ప్రమాదం ఉన్న డి తరగతిలోకి వస్తాయి. వాటికి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ లైసెన్సు తప్పనిసరి, దానికి ముందు ఏళ్ల పరీక్షలుంటాయి. అయితే ఉద్యోగాలు మరీ దూరంలో లేవు, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కులోనే స్టెంట్లు తయారు చేసే కంపెనీ ఉంది.

మీ నాన్నగారి డిశ్చార్జ్ కాగితాలు తీసి చూడండి. స్టెంట్ పేరు పక్కన 3.0 × 18 లాంటి అంకెలుంటాయి. మొదటిది వ్యాసం, రెండోది పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. ఆ కొలతతో అమ్మాయిని కాగితం మీద జాలీ గీయమనండి. మూడో వంతు వ్యాసానికి ముడుచుకుని, మళ్లీ పూర్తిగా విప్పారేలా పుల్లలు ఎక్కడ వంగాలో తనే తేల్చుకోవాలి.