ట్రైనింగ్ ఇచ్చినా పని మారట్లేదంటే, ముందు ఆ పని పక్కన నిలబడి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: హనుమకొండలో ట్రాక్టర్ల సర్వీస్ వర్క్‌షాప్, 40 మంది స్టాఫ్, ఏడాదిలో రెండుసార్లు బయటి నుంచి ట్రైనర్‌ని పిలిపించారు, అయినా అదే బండి అదే కంప్లయింట్‌తో వారం తిరక్కుండా మళ్ళీ వస్తోంది, ఇక మనిషికో ఆన్‌లైన్ కోర్సు కొనిద్దామా అని అడుగుతున్నారు. ఇప్పుడే కొనకండి. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఏమీ అనుకోకండి.

నాది మీ లైన్ కాదు. వరంగల్ దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లులో, పదకొండేళ్ళుగా ప్రొడక్షన్ చూస్తున్నాను. మీరు చేసిన పనే నేనూ చేశాను. మూడో ఏడాదో నాలుగో ఏడాదో, సీజన్ మొదలయ్యే ముందు సెప్టెంబర్‌లో, హోటల్లో హాలు బుక్ చేసి రెండు రోజుల ట్రైనింగ్ పెట్టించాను. ప్రొజెక్టరు, ఫైళ్ళు, పెన్నులు, మధ్యాహ్నం బిర్యానీ, చివర్లో సర్టిఫికెట్లు, గ్రూప్ ఫోటో. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో అందరూ "చాలా బాగుంది" అని రాశారు. బిర్యానీ నిజంగానే బాగుంది. పత్తి వచ్చేది దసరా, దీపావళి దాటాక కదా, ఆలోపు సగం మందికి అక్కడ ఏం చెప్పారో కూడా గుర్తు లేదు. నేర్చుకున్నది వాడకపోతే మొదటి రోజుల్లోనే ఎక్కువ మర్చిపోతామని ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే తన మీద తనే ప్రయోగం చేసుకుని రాశాడు. నాకది లక్షన్నర ఖర్చు పెట్టాక తెలిసింది.

అసలు కళ్ళు తెరిపించింది తేమ మీటరు. పత్తి కొనేటప్పుడు తేమ చూస్తారు. మద్దతు ధరకి పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ లెక్కలో తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, అక్కడి నుంచి 12 దాకా పెరిగిన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత, 12 దాటితే వాపసే. ప్రైవేటుగా కొనే మేమూ దాదాపు ఆ లెక్క మనసులో పెట్టుకునే బేరమాడతాం. 2025-26లో పొడవు పింజ పత్తికి క్వింటాలు 8,110 రూపాయలు, అంటే ఒక్క పాయింటు తేడాకి 81 రూపాయలు. 15 క్వింటాళ్ళు తెచ్చిన రైతుకి మీటరు రెండు పాయింట్లు ఎక్కువ చూపించిందంటే రెండు వేల నాలుగు వందలు పోయినట్టే.

మా దగ్గర ముగ్గురు కుర్రాళ్ళు తేమ చూసేవాళ్ళు, ముగ్గురికీ సర్టిఫికెట్ ఉంది. ఒకరోజు పర్కాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన గేటు దగ్గర గట్టిగా అరుస్తున్నాడు: "గా పిలగాడు పదకొండన్నడు, గీయన పద్నాలుగంటడు, నా పత్తి గింతల్నే తడిసిందా?" వెళ్ళి నేనే నిలబడి చూశాను. ఒకడు ట్రాలీ పైపైన ఎండిన పత్తిలో మీటరు గుచ్చుతున్నాడు. ఇంకొకడు మోచేయి దాకా లోపలికి పెట్టి అడుగున ఉన్నదాన్ని చూస్తున్నాడు. మూడోవాడు చేతిలోకి కొంచెం పత్తి తీసుకుని బలంగా అదిమి పట్టి చూస్తున్నాడు, అలా అదిమితే రీడింగే మారిపోతుంది. మీటరు వాడటం ముగ్గురికీ వచ్చు. ఎక్కడ పెట్టాలి, ఎంత అదమాలి, ఎన్నిచోట్ల చూడాలి అన్నది ఎవరికి వారే అనుకున్నది. హాల్లో ఆ ట్రైనర్ మీటరు బొమ్మ చూపించి బటన్లు వివరించాడు, ట్రాలీ అక్కడ లేదు కదా.

తర్వాత చేసింది చాలా చిన్న పని. ప్రతి సోమవారం పొద్దున మొదటి ట్రాలీ దగ్గర ముగ్గురూ విడివిడిగా ఆరేసి చోట్ల రీడింగ్ తీసి, పక్కవాడికి చూపించకుండా చీటీ మీద రాయాలి. తర్వాత చీటీలు పక్కపక్కన పెట్టాలి. తేడా ఒక పాయింటు కన్నా ఎక్కువొస్తే ఎందుకొచ్చిందో వాళ్ళే తేల్చుకోవాలి, నేను నోరు మెదపను. మొదటి వారం మూడు పాయింట్ల తేడా, కొట్టుకునేంత పనైంది. నెల తిరిగేసరికి అర పాయింటుకి వచ్చింది. పావుగంట పని, ఖర్చు సున్నా. ఇప్పుడు కొత్తవాడు వస్తే ఆ ముగ్గురే వాడి చేతికి చీటీ ఇస్తారు.

ఇక రెండోది, మీకు బాగా పనికొచ్చేది. మా దగ్గర ఒక పెద్ద ఫిట్టర్ ఉండేవాడు, అందరం కాకా అనేవాళ్ళం. గింజ తీసే డబుల్ రోలర్ మిషన్లలో (వాటినే జిన్నులంటాం) తోలు రోలరుకీ కత్తికీ మధ్య ఒత్తిడి సరిచెయ్యడం ఆయన చేతిలోనే ఉంది. ఒత్తిడి ఎక్కువైతే రోలరు వేడెక్కి తోలు కాలిన వాసన వస్తుంది, జిన్నింగ్ మిల్లులో వేడి అంటే నిప్పే. తక్కువైతే దూది గింజ నుంచి సరిగ్గా విడిపోదు. ఆయన పని మానేసి దిగిపోయే టైం దగ్గరపడింది, నాకు టెన్షన్. నలుగురు కుర్రాళ్ళని కూర్చోబెట్టి "కాకా, వీళ్ళకి చెప్పు" అన్నాను. రెండు నిమిషాలు నిలబడి, "ఏమున్నది బిడ్డా, చూసుకుంట చెయ్యుడే" అని బీడీ తాగడానికి బయటికి పోయాడు.

తప్పు ఆయనది కాదు. ముప్పై ఏళ్ళుగా చేతికి అలవాటైన పని నోటికి రాదు. అప్పుడు ఎక్కడో చదివిన పద్ధతి ఒకటి పట్టుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఫ్యాక్టరీల్లో అనుభవం లేనివాళ్ళని తొందరగా పనిలోకి దించడానికి తయారుచేసుకున్నదట, యుద్ధం తర్వాత జపాన్ వాళ్ళు తీసుకున్నారు, టొయోటాలో ఇప్పటికీ దాని జాడ ఉంటుంది. నాలుగే మెట్లు: నేర్చుకునేవాణ్ణి సిద్ధం చెయ్యి, చేసి చూపించు, వాడితో చేయించు, తర్వాత వదిలెయ్యకుండా వచ్చి చూస్తూ ఉండు. వాడికి రాలేదంటే నువ్వు నేర్పలేదనే అర్థం, అని దానికో మాట కూడా ఉంది. అది చదివినప్పుడు నాకు కొంచెం గుచ్చుకుంది.

కాకా పని చేస్తుంటే నేను పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. మూడు గళ్ళు: ఏం చేశాడు, అందులో కిటుకేంటి, ఎందుకు. చెయ్యి ఆగినప్పుడల్లా "ఇక్కడెందుకు ఆగినవ్ కాకా?" అని అడిగేవాణ్ణి. విసుక్కున్నాడు, రెండోరోజు నన్ను తిట్టాడు కూడా. కానీ పేజీ నిండింది. అందులో మొదటి వరుస నేను అస్సలు ఊహించనిది: మెయిన్ ఆఫ్ చేసి తాళం వేసి, తాళంచెవి బనియన్ జేబులో వేసుకుంటున్నాడు. కుర్రాళ్ళలో ఒక్కడూ అది చెయ్యట్లేదు. వాళ్ళకెందుకు చెప్పలేదని అడిగితే, "గది చెప్పాల్నా?" అన్నాడు. బాగా తెలిసినవాళ్ళతో వచ్చే చిక్కు ఇదే, తమకి ఊపిరంత సహజమైనది ఇంకొకరికి తెలియదన్న సంగతే తట్టదు. మీ వర్క్‌షాప్‌లో సీనియర్ మెకానిక్ "నేర్పాను సార్, వాడికే ఎక్కట్లేదు" అంటే, నేర్పేటప్పుడు ఒకసారి పక్కన నిలబడి వినండి.

అలా రాసిన కార్డుతో ఒక్కో కుర్రాడి చేత, కాకా ఎదురుగా, చేస్తూ నోటితో చెప్పించాం. చెయ్యడమే కాదు, "ఇప్పుడు ఇది ఎందుకు చేస్తున్నా అంటే..." అని పైకి చెప్పాలి. అక్కడే ఎవరికి వచ్చో ఎవరు బట్టీ పట్టారో బయటపడుతుంది. ముగ్గురికి వచ్చింది. నాలుగోవాడు వేరే పని చూసుకున్నాడు, అదీ మంచిదే.

అయినా రోలర్లు కాలడం ఆగలేదు! పని వచ్చు, చేతికి కార్డు ఉంది, చెయ్యట్లేదు. ఒకణ్ణి టీ కొట్టు దగ్గర అడిగితే చెప్పాడు: "సార్, మిషన్ ఆపితే షిఫ్ట్‌లో బేళ్ళు (దూది కట్టలు) తగ్గుతయ్, బోనస్ పోతది, ఎవడాపుతడు?" వాడిది న్యాయమే. అక్కడ లేనిది నైపుణ్యం కాదు, మేం పెట్టిన బోనస్సే తప్పు. సెట్టింగ్ కోసం ఆపిన టైంని షిఫ్ట్ లెక్కలోంచి తీసేయించడానికి ఓనర్‌తో రెండు వారాలు వాదించాను. అది ఒప్పుకున్నాకే కాలడం తగ్గింది. అలాగే బేలు బరువులు రిజిస్టర్‌లో తప్పు పడుతున్నాయని దూదిని నొక్కి కట్టే ప్రెస్ దగ్గరున్న బీహార్, ఒడిశా వాళ్ళకి క్లాస్ పెడదామనుకున్నాను, తీరా చూస్తే ఆ మూల లైటే సరిగ్గా లేదు, రిజిస్టరేమో ఇంగ్లీషులో. ఒక ట్యూబ్‌లైటు, అంకెలు మాత్రమే నింపే కాగితం, అంతే. ట్రైనింగ్ అవసరమే పడలేదు.

కాబట్టి మీరు చెయ్యాల్సింది, ఏ బండికి ఏ పని చేశారో రాసే పాత జాబ్ కార్డులు మూడు నెలలవి తీసి, తిరిగొచ్చిన బళ్ళు ఏ రిపేర్‌కి వచ్చాయో, ఎవరు చేశారో చూడండి. నాకు అనుమానం, ఏ రెండు మూడు పనుల దగ్గరో కుప్పగా పడతాయి. ఆ పని జరుగుతున్నప్పుడు మీరే వెళ్ళి నిలబడండి. రాకనా, స్పేర్ పార్టు లేకనా, సాయంత్రానికి బండి ఇచ్చెయ్యాలన్న తొందరా, అది ముందు తేలాలి. రాకపోతేనే నేర్పండి. ఒక్క పనే, సీజన్ నడుస్తున్నప్పుడే, బండి ముందే. వారం తర్వాత మళ్ళీ చేయించండి, నెల తర్వాత ఇంకోసారి. ఫలితం చూడాల్సింది ఫీడ్‌బ్యాక్ ఫారంలో కాదు, ఆ రిపేర్‌కి ఎన్ని బళ్ళు తిరిగొచ్చాయన్న దాంట్లో. ట్రైనింగ్‌ని కొలవడానికి నాలుగు స్థాయిలని కిర్క్‌పాట్రిక్ అనే అమెరికా ప్రొఫెసర్ 1959లోనే చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, పని ఫలితం మారిందా. మనమంతా మొదటిదాని దగ్గరే ఆగి ఫోటో దిగుతాం.

ఆన్‌లైన్ కోర్సులు మొత్తానికి దండగ అనను. మా అకౌంట్స్ అబ్బాయి ఎక్సెల్ అలాగే నేర్చుకున్నాడు, కాకపోతే వాడి ముందు పెండింగ్‌లో ఉన్న సొంత స్టాక్ లెక్క ఉంది, చూసింది చూసినట్టు దాని మీద వాడాడు. బ్రేకులు సెట్ చెయ్యడం మాత్రం వీడియో చూస్తే రాదు.

ఇంకొకటి, మీరు 40 మంది అన్నారు. 30 మంది, ఆపైన ఉంటే అప్రెంటిస్ చట్టం ప్రకారం స్టాఫ్‌లో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని, అంటే స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునేవాళ్ళని, పెట్టుకోవాలి, అంటే మీకు ఒకరి నుంచి ఆరుగురు. స్టైపెండ్‌లో కొంత కేంద్రం ఇస్తుంది. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేసిన పిల్లల్ని అలా తెచ్చుకోండి, మీ సీనియర్‌కి నేర్పే అలవాటు కూడా అవుతుంది. అయితే నేర్పే గంటలకి అతనికి ఎంతో కొంత కట్టివ్వండి, వట్టి చేతులతో ఎవరూ తమ విద్య ఇంకొకరికి ఇవ్వరు.

మా కాకా దిగిపోయి రెండు సీజన్లైంది. కార్డు బాగానే పనిచేస్తోంది, ఒక్కటి తప్ప. షెడ్‌లో అన్ని జిన్నులూ కలిసి హోరెత్తుతుంటే ఆయన తలుపు దగ్గరే ఆగి "ఏడోది గొంతు మారింది" అనేవాడు, వెళ్ళి చూస్తే నిజమే అయ్యేది. అది ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు. అందుకే సీజన్లో వారానికి రెండు రోజులు రోజుకూలీ ఇచ్చి పిలిపించుకుంటున్నాం, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, పక్కన ఆ ముగ్గురిలో ఒకడు స్టూల్ మీద ఉంటాడు. పోయిన నెల వాడు "నాలుగోది" అన్నాడట. ఐదోదని తేలింది.