మరిగిన నూనెతో డీజిల్ బండి నడపవచ్చా?

మీరు మూడు విషయాలు అడిగారు. స్నేహితుడి హోటల్లో వాడగా మిగిలిన పామాయిల్‌ను వడకట్టి 2011 నాటి పికప్ వ్యానులో డీజిల్‌తో కలిపి పోయవచ్చా, 2021లో కొన్న బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిల్ కారుకూ అదే పనికివస్తుందా, మైలేజీ పెంచుతాయని అమ్మే సీసాల్లో నిజం ఎంత అన్నవి మీ సందేహాలు. నేను నర్సీపట్నం నుంచి చింతపల్లి, లంబసింగి కొండల వైపు సరుకు తోలే పాత పికప్‌ను చాలా ఏళ్లు నడిపాను, ఈ ప్రయోగాలన్నీ దాని మీదే చేసి చేతులు కాల్చుకున్నాను. కారు సంగతి ముందే చెప్పేస్తాను. దానిలో బంకు డీజిల్ తప్ప మరేదీ పోయకండి. కారణం పికప్ కథ పూర్తయ్యాక చెబితేనే బాగా అర్థమవుతుంది.

వంటనూనెతో డీజిల్ ఇంజను నడవదని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు. 1900లో పారిస్ ప్రదర్శనలోనే ఒక డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. అయితే ఒకరోజు నడవడం వేరు, నాలుగు కాలాల పాటు నడవడం వేరు. 40 డిగ్రీల వేడి వద్ద డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే లెక్క) మధ్య ఉండాలని మన దేశపు డీజిల్ ప్రమాణమైన ఐఎస్ 1460 చెబుతుంది. అదే వేడి వద్ద వంటనూనెల చిక్కదనం 30 నుంచి 40 దాకా ఉంటుంది, అంటే సుమారు పది రెట్లు. ఇంజనులోకి ఇంధనం చిమ్మే నాజిళ్ల రంధ్రాలు పలుచని డీజిల్‌ను పొగమంచులా చిమ్మడానికి చేసినవి కనుక, అంత చిక్కని నూనె వాటిలోంచి చినుకులుగా పడి, పూర్తిగా కాలక, మసిగా మారి అక్కడే పేరుకుంటుంది.

నేను ఒక వేసవిలో మూడింట ఒక వంతు మరిగిన నూనెను, బనీను గుడ్డలో రెండుసార్లు వడకట్టి, డీజిల్‌లో కలిపి వాడాను. మొదటి నెల ఏ తేడా కనబడలేదు. వెనుక వచ్చే బండ్లవాళ్లకు మిరపకాయ బజ్జీల వాసన వచ్చేదట, అంతే. మూడో నెలలో ఘాట్ ఎక్కేటప్పుడు బండి లాగుడు తగ్గి, నల్లపొగతో పాటు టకటకమనే చప్పుడు మొదలైంది. ఇంజనుకు డీజిల్ అందించే పంపును బాగుచేసే మెకానిక్ నాజిళ్లు విప్పి టెస్టర్‌కు బిగించి, పిడి నొక్కి నాకే చూపించాడు. ఒక నాజిల్ శుభ్రంగా తెల్లటి మంచులా చిమ్మింది, రెండింటి నుంచి మాత్రం కుళాయి సరిగా కట్టనప్పుడు వచ్చే నీళ్లలా సన్నని ధార కారింది. వాటి మొనలకు అట్టు మాడినట్టు గట్టి మసి పట్టి ఉంది. నాజిళ్లు మార్చి, పంపు కాలిబ్రేషన్ (కొలత సరిచూసి బిగించడం) చేయించేసరికి మూడు నెలలు నూనెతో మిగిల్చిన డబ్బంతా పోయి, చేతి నుంచి మరికొంత పడింది. వడకట్టితే తిండి తుంపులు పోతాయి గాని, వేపుళ్ల నుంచి నూనెలో దిగిన నీరు, ఉప్పు, పదేపదే మరగడం వల్ల పుట్టిన ఆమ్లాలు గుడ్డకు చిక్కవు, అవి పంపు లోపలి లోహాన్ని తింటాయి.

అలాగని ఆ నూనెకు దారి లేకపోలేదు. మిథనాల్‌తో, కొద్దిపాటి కాస్టిక్ సోడా లేదా కాస్టిక్ పొటాష్‌తో చర్య జరిపించి గ్లిజరిన్‌ను వేరుచేస్తే చిక్కదనం 4, 5 సెంటీస్టోక్స్‌కు దిగివస్తుంది. బయోడీజిల్ అంటే అదే. ఇంటి పెరట్లో డ్రమ్ము పెట్టి చేసుకోవచ్చని చూపించే వీడియోలు కోకొల్లలుగా ఉన్నాయి గాని, మిథనాల్ విషం, దాని మంట పగటి వెలుతురులో దాదాపు కంటికి కనబడదు. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ పని వద్దని గట్టిగా చెబుతాను. పైగా కడగడం సరిగా జరగకపోతే మిగిలిపోయిన సబ్బు, నీరు, మిథనాల్ మళ్లీ నాజిళ్ల దాకా వస్తాయి. కొనేటట్లయితే బయోడీజిల్ ప్రమాణమైన ఐఎస్ 15607 ప్రకారం పరీక్షించిన కాగితం అడగండి. రోడ్డు పక్కన షెడ్డులో పంపు పెట్టి, బయోడీజిల్ అని బోర్డు కట్టి, చవకగా ఏదో పారిశ్రామిక ద్రావకం పోసేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్త.

అసలు బయోడీజిల్‌తోనూ నేను రెండు దెబ్బలు తిన్నాను. మొదటిది నిజానికి దాని మంచి గుణం వల్లే తగిలింది. పాత ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని అది కరిగించి లేపేయడంతో, మొదటి మూడు వందల కిలోమీటర్లలోనే ఫిల్టరు మూసుకుపోయింది. ఆ రోజుల్లోనే పాత రబ్బరు రిటర్న్ పైపు ఉబ్బి మెత్తబడి చెమర్చడం మొదలుపెట్టింది. అందుకే మొదలుపెట్టేవారు అదనంగా రెండు ఫిల్టర్లు బండిలో ఉంచుకుని, పాత పైపులు ముందే మార్పించుకోవడం మంచిది.

రెండవది చలి వల్ల తగిలింది. ఒక డిసెంబరు రాత్రి చింతపల్లిలో సరుకు దించి అక్కడే పడుకున్నాను. ట్యాంకులో సగానికి సగం పామాయిల్ నుంచి చేసిన బయోడీజిల్ ఉంది. తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే ఇంజను రెండుసార్లు అందుకున్నట్టే అందుకుని ఆగిపోయింది, మూడోసారి అసలు పలకలేదు. ఫిల్టరు విప్పి చూస్తే, చలికాలంలో పేరుకున్న నెయ్యిలాగా తెల్లటి ముద్ద కాగితపు మడతల నిండా పట్టి ఉంది. టీ కొట్టు నుంచి బిందెడు వేడినీళ్లు తెచ్చి, ఫిల్టరుకు గోనెపట్టా చుట్టి మెల్లగా పోసి, ముద్ద కరిగాక హ్యాండ్ పంపుతో ఎయిర్ తీసి బండి కదిలించేసరికి ఎండ వచ్చేసింది. మైదానంలో రాని ఈ ఇబ్బంది పామాయిల్‌తో ఏజెన్సీ ప్రాంతంలో తప్పదు, ఎందుకంటే దానిలోని గట్టిపడే కొవ్వు బయోడీజిల్‌గా మారాక కూడా ఆ గుణం వదులుకోదు. మీరు ఏ ప్రాంతంలో నడుపుతారో రాయలేదు గాని, కొండలెక్కే పని లేకపోతే మంచి బయోడీజిల్‌ను మీ పికప్‌లో ఐదింట ఒక వంతుకు మించకుండా వాడుకోవచ్చన్నది నా అనుభవం. మైలేజీ మాత్రం కొద్దిగా తగ్గుతుంది, లీటరుకు లీటరు చూస్తే దానిలో శక్తి డీజిల్ కంటే తక్కువ.

ఇక మీ కారు. పాత పికప్‌లో నాజిల్ సుమారు 200 బార్ ఒత్తిడి వద్ద తెరుచుకుంటే, మీ కారులోని కామన్ రైలు (ఒకే గొట్టంలో ఒత్తిడితో నిలిపిన ఇంధనం అన్ని సిలిండర్లకూ అందే పద్ధతి) ఇంజనులో ఒత్తిడి 1600 బార్ దాకా, ఆపైన కూడా వెళుతుంది. ఇంజెక్టరు లోపలి భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే కనుక, నా పికప్ మూడు నెలలు ఓర్చుకున్న మసిని అది ఓర్చుకోదు. దానికి తోడు పొగలోని మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంది. దానిలో చేరిన మసిని కాల్చడానికి చాలా కార్లలో ఇంజను ఆలస్యంగా మరికొంత ఇంధనం సిలిండరులోకి చిమ్ముతుంది, దానిలో కొంత గోడల వెంట ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే సంపులోకి దిగుతుంది. డీజిల్ అయితే వేడికి చాలావరకు ఆవిరైపోతుంది, బయోడీజిల్ మరిగే వేడి ఎక్కువ కనుక సంపులోనే ఉండిపోయి ఇంజను ఆయిల్‌ను పలుచన చేస్తుంది. ఆయిల్ తగ్గాల్సింది పోయి గేజి కడ్డీ మీద మట్టం పెరుగుతూ ఉంటే అది ఆ జబ్బే. బంకు డీజిల్‌లో 7 శాతం దాకా బయోడీజిల్ ఉండవచ్చని ప్రమాణమే అనుమతిస్తోంది, ఆపైన మనం కలపడానికి ఆ ఇంజనులో చోటు లేదు.

సీసాల విషయంలో నేను కొంచెం మొండివాణ్ణి. సెటేన్ (డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే సంఖ్య) పెంచుతామనే సీసా మీకు అక్కరలేదు, బీఎస్-6 డీజిల్‌లో సెటేన్ సంఖ్య కనీసం 51 ఉండి తీరాలి. డీజిల్‌లో గంధకం 350 పీపీఎం నుంచి 50కి, 2020 ఏప్రిల్ నుంచి 10కి తగ్గింది కనుక పంపుకు జిగురు (లోపలి భాగాలు అరగకుండా కాపాడే జారుడు గుణం) చాలడం లేదని, లీటరుకు ఐదు మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్ కలిపే డ్రైవర్లు మా దారిలో చాలామంది ఉన్నారు. గంధకం తీసేటప్పుడు ఆ జిగురు తగ్గేమాట నిజమే, అయితే దాన్ని సరిచేసే మందును కంపెనీలు ముందే కలుపుతాయి, అరుగుదలకు కూడా ప్రమాణంలో హద్దు ఉంది. పాత పికప్‌కు ఆ ఐదు మిల్లీలీటర్ల వల్ల నష్టం నాకు కనబడలేదు, లాభమూ కనబడలేదు. డీపీఎఫ్ ఉన్న కారులో మాత్రం దాని బూడిద ఫిల్టరులోనే ఉండిపోతుంది, మసిలాగా కాలిపోదు. నాజిళ్లు శుభ్రపరిచే డిటర్జెంట్ సీసాలు కొంత పనిచేస్తాయి, లేత మసిని కరిగిస్తాయి గాని నాకు పట్టినలాంటి గట్టి మసిని కదిలించలేవు. కిరోసిన్ మాట తలపెట్టకండి. అది నేరం, పైగా జిగురు లేక పంపును అరగదీస్తుంది.

ఇంజను ఆయిల్‌లో పోసే చిక్కటి సీసా కూడా ఒకసారి వాడాను. ఆయిల్ తాగుతున్న ఇంజను వారం రోజులు నిశ్శబ్దంగా, పొగ లేకుండా నడిచి నన్ను మురిపించింది. పిస్టన్ రింగులు అరిగిన సంగతి ఆ చిక్కదనం కొన్నాళ్లు దాచిపెట్టింది, అంతే. ఆయిల్ తయారుచేసినవారే దానిలో డిటర్జెంట్లు, అరుగుదల ఆపే మందులు తూకం వేసి కలుపుతారు కనుక పైన మనం పోసేది ఆ తూకం చెడగొట్టడమే. మాన్యువల్‌లో రాసిన గ్రేడు, గడువు పాటించండి.

హోటల్లో పోగైన డబ్బాల గురించి ఒక మాట. 2018లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నూనెలో పోలార్ పదార్థాలు (పదేపదే మరగడం వల్ల నూనె పాడై పుట్టేవి) 25 శాతం దాటితే మళ్లీ వంటకు వాడరాదని హద్దు పెట్టి, వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌కు మళ్లించే రూకో పథకం మొదలుపెట్టింది. మీ స్నేహితుణ్ణి ఆ సంస్థ వద్ద నమోదైన సేకరణదారులకు నూనె అమ్ముకోమనండి. ఒకవేళ మీరు ఇప్పటికే పికప్‌లో పోసి ఉంటే, ట్యాంకును బంకు డీజిల్‌తో నింపి రెండు ట్యాంకులు వరసగా అలాగే నడిపి, ఫిల్టరు మార్చి, పొగ గాని చప్పుడు గాని తగ్గకపోతే నాజిళ్లను టెస్టర్ మీద పెట్టించి చూడండి.