నాన్న మంచాన పడితే సంతకం ఎవరు పెట్టాలి?

పాఠకుల న్యాయ సందేహాలు

ప్రశ్న: నాన్నగారికి 76 ఏళ్లు. పక్షవాతం వచ్చాక మాట పడిపోయింది, మమ్మల్ని కూడా సరిగా గుర్తుపట్టడం లేదు. అమ్మ లేదు. గుంటూరులో ఆయన సొంత సంపాదనతో కట్టిన ఇల్లు, బ్యాంకు డిపాజిట్లు అన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి. పెద్దన్నయ్య దగ్గరే ఉంటున్నారు. ఒంట్లో బాగున్న రోజుల్లో అన్నయ్యకు జీపీఏ (తన తరఫున పనులు చేసే అధికారమిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిచ్చారు. వైద్యం ఖర్చులంటూ దాంతోనే ఇప్పుడు ఇల్లు బేరం పెట్టాడు. టెక్సస్‌లో ఉన్న చిన్నన్నయ్యేమో "పవర్ ఆఫ్ అటార్నీ ఉంది కదా, ఇంకేం కావాలి" అంటున్నాడు. పెళ్లయి వెళ్లిన పిల్లవి నీకెందుకని బంధువులు నన్నే తిడుతున్నారు. ఏం చేయను?
– పేరు వద్దన్న పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు ఆ జీపీఏ సంగతి తేల్చుకుందాం, సగం టెన్షన్ దానివల్లే. రాసిచ్చిన మనిషికి మంచిచెడ్డ తెలుసుకునే శక్తి పోయిన రోజున మామూలు జీపీఏ కూడా పోతుంది. మన కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ చెప్పేది అదే. మీ చిన్నన్నయ్య ఉంటున్న అమెరికాలో, మతి తప్పినా చెల్లుతుందని ముందే రాసి పెట్టుకునే 'డ్యూరబుల్' పవర్ ఆఫ్ అటార్నీ ఉంటుంది, అక్కడ అది మామూలు విషయం. ఇక్కడ అలాంటి ఏర్పాటు లేదు. కాబట్టి పెద్దన్నయ్య ఆ కాగితంతో అమ్మితే రేపు కోర్టులో ఇరుక్కునేది ఆయనొక్కడే కాదు, లక్షలు పోసి కొన్నవాళ్లు కూడా. ఈ ఒక్క ముక్క కొనేవాళ్ల చెవిన పడితే చాలాసార్లు బేరం అక్కడే ఆగిపోతుంది.

రెండోది మీకు నచ్చకపోవచ్చు. నాన్నగారు బతికుండగా ఆయన స్వార్జితంలో కొడుకులకు వాటా లేదు, మీకూ లేదు. అందుకని "నా వాటా" అంటూ కోర్టుకెళ్లకండి, కేసు మొదట్లోనే బలహీనపడుతుంది. నాన్నగారి బాగు కోసం వచ్చానని చెప్పండి, అడిగేవన్నీ ఆ దారిలోనే అడగండి. పెళ్లయిందా లేదా అన్నది దీనికి అడ్డు కాదు, బంధువులు ఏమన్నా అననివ్వండి.

ఇక గార్డియన్ ఎవరు? చట్టం దృష్టిలో మేజర్‌కు పుట్టుకతో వచ్చే గార్డియన్ ఎవరూ ఉండరు. పెద్దకొడుకైనా, కట్టుకున్న భార్యైనా కోర్టు నియమిస్తేనే. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్లకే. 1987 మానసిక ఆరోగ్య చట్టం ఉన్నన్నాళ్లు జిల్లా కోర్టు విచారణ జరిపి, మనిషికి గార్డియన్‌ను, ఆస్తికి మేనేజర్‌ను పెట్టేది. 2018 మే నెలలో 2017 నాటి కొత్త మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అమల్లోకి వచ్చి పాతది రద్దయింది. కొత్తదాంట్లో చికిత్స విషయాలకు 'నామినేటెడ్ రిప్రజెంటేటివ్' (రోగి తరఫున చూసుకునే ప్రతినిధి) ఉన్నాడు కానీ ఆస్తి చూసుకునేవాడి ఊసే లేదు. రోగి హక్కుల కోసం అంత శ్రద్ధగా రాసినవాళ్లు రోగి బ్యాంకు ఖాతాను ఎలా మర్చిపోయారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ ఖాళీని హైకోర్టులు పూడుస్తున్నాయి. తన బాగు తాను చూసుకోలేని మనిషికి కోర్టే పెద్దదిక్కన్న సూత్రంతో, రాజ్యాంగం 226వ అధికరణం కింద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్ (రిట్) మీద గార్డియన్‌ను నియమిస్తున్నాయి. కోమాలో ఉన్నవాళ్ల విషయంలో కేరళ హైకోర్టు 2019లో శోభా గోపాలకృష్ణన్ కేసులో ఇందుకు ఒక పద్ధతి పెట్టింది: డాక్టర్ల బోర్డు చూడాలి, రెవెన్యూ అధికారి ఆస్తులు, కుటుంబం గురించి విచారించి రిపోర్టివ్వాలి, గార్డియన్ అయినవాళ్లు ఆరు నెలలకోసారి లెక్కలు అప్పగించాలి. ఆ తీర్పు మన హైకోర్టును కట్టిపడేయదు గానీ లాయర్లు చూపించేది ఎక్కువగా దాన్నే. ఇంకో దారి కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ కింద 'పరిమిత గార్డియన్' కోసం జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు, అయితే అది మనిషితో మాట్లాడి, కలిసి నిర్ణయం తీసుకునే తరహా ఏర్పాటు. నాన్నగారి పరిస్థితి మీరు రాసినట్టే ఉంటే హైకోర్టు దారే సరిపోతుందని నాకనిపిస్తోంది. డిశ్చార్జ్ సమ్మరీ, న్యూరాలజిస్ట్ రాసిన సర్టిఫికెట్ పట్టుకుని లాయర్‌ను కలవండి, ఆ కాగితాలు చూశాక ఆయన చెప్పే మాటకే విలువ.

ఈలోగా ఇల్లు చేయి దాటకుండా చూసుకోవాలి. సబ్ రిజిస్ట్రార్‌కు అభ్యంతరం రాసిచ్చినంత మాత్రాన రిజిస్ట్రేషన్ ఆగదు, ఆయన కోర్టు ఆర్డర్ అడుగుతాడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డర్‌లో ఒక వెసులుబాటుంది: మతి స్థిమితం లేని మనిషి తరఫున దగ్గరివాళ్లెవరైనా 'నెక్స్ట్ ఫ్రెండ్'గా దావా వేయొచ్చు. అలా వేసి, ఇల్లు అమ్మకుండా ఆపే ఇంజంక్షన్ ఆర్డర్ అడగండి. ఆ ఇంటి మీద ఏ లావాదేవీలు రిజిస్టరయ్యాయో చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) అప్పుడప్పుడూ తీసి చూస్తూ ఉండండి.

ఇంతా చెప్పి ఒక మాట అనక తప్పదు. అన్నయ్య దొంగ అన్న ఊహతో మొదలుపెట్టకండి. మంచానపడ్డ మనిషికి అటెండెంట్, ఫిజియోథెరపీ, డైపర్లు, మందులు, రాత్రి మేల్కొని పక్కకు తిప్పడం... ఈ ఖర్చు, ఈ చాకిరీ నెలకోసారి వచ్చి చూసి వెళ్లేవాళ్లకు తెలియవు. నేను చూసిన ఇలాంటి గొడవల్లో చాలావాటికి మూలం ఆశ కాదు, లెక్క చెప్పకపోవడం. ఒకరు చెప్పరు, ఇంకొకరు అడిగితే అనుమానం అంటారు. జడ్జి కూడా పెద్దవాడెవరని చూడడు, ఎవరు చూసుకుంటున్నారు, ఎవరి చేతిలో డబ్బు భద్రంగా ఉంటుంది, ఆ ఇల్లు అమ్మితే లాభం ఎవరికి అని చూస్తాడు. కాబట్టి ముగ్గురూ వీడియో కాల్‌లోనైనా కూర్చుని మాట్లాడుకోండి. మనిషి బాధ్యత అన్నయ్యకు, డబ్బు విషయాలు ఇద్దరి సంతకంతో, నాన్న పెన్షన్ వస్తుంటే అది ఒకే ఖాతాలోకి, ఖర్చుల బిల్లులు నెలనెలా వాట్సాప్ గ్రూప్‌లోకి, కోర్టు అనుమతి లేకుండా ఇల్లు కదలదు. ఇలా రాసుకుని అదే కాగితం కోర్టు ముందు పెడితే పని తేలికవుతుంది. కానీ నాన్న ఆస్తి గురించి మీలో మీరు రాజీపడి సంతకాలు చేసుకుంటే అది ఆయన్ను కట్టిపడేయదు, కోర్టు ముద్ర పడాల్సిందే. లాయర్ ఫీజు బరువైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు, మానసిక ఎదుగుదల లేదు. వాళ్ల నాన్న పోయారు. బ్యాంకువాళ్లు గార్డియన్ సర్టిఫికెట్ అడుగుతున్నారు. బాబు వాటా పొలానికి తానే గార్డియన్‌నని మా బావగారు అంటున్నారు. కన్నతల్లిని, నాకు హక్కు లేదా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: మీకు హైకోర్టు దాకా వెళ్లే అవసరం రాకపోవచ్చమ్మా. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం మీ బాబు లాంటివాళ్ల కోసమే: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు. (పై ప్రశ్నలోని పెద్దాయన జబ్బు ఇందులోకి రాదు.) కలెక్టర్ ఉండే లోకల్ లెవల్ కమిటీకి దరఖాస్తు పెట్టండి, వైకల్య సర్టిఫికెట్ జతచేయండి. బాబుకు 18 నిండాయి కనుక తల్లి అన్న హోదా ఒక్కటీ ఇక చాలదు, కమిటీ ఇచ్చే కాగితం కావాలి. అయితే మీ బావగారికీ అదే రూలు, ఆయన తనకు తాను గార్డియన్ అయిపోలేరు. నియామకమయ్యాక ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్కలు ఇవ్వాలి. నిర్లక్ష్యం చేసినా, సొమ్ము తినేసినా తీసేయమని అడగొచ్చు. ఈ లెక్కల బాధ్యత సంగతి విన్నాక ఉత్సాహం తగ్గే బంధువులు చాలామందే ఉంటారు.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్‌ని. మతిమరుపు జబ్బు తొలి దశ అన్నారు. పిల్లలు నా గురించి కోర్టులకెక్కకుండా ఇప్పుడే ఏం చేయగలను?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: బుర్ర బాగున్నప్పుడే అడిగారు, మంచి పని చేశారు మాస్టారూ. చికిత్స విషయాలు చూడాల్సింది ఎవరో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 14వ సెక్షన్ ప్రకారం తెల్లకాగితం మీద రాసి సంతకం చేయండి. బ్యాంకు ఖాతాను మీరు నమ్మినవాళ్లతో కలిపి 'ఐదర్ ఆర్ సర్వైవర్'గా (ఇద్దరిలో ఎవరైనా నడపగలిగేలా) మార్చుకోండి. వీలునామా రాస్తే అదే రోజు డాక్టర్ దగ్గర మీకు స్పృహ, విచక్షణ ఉన్నట్టు సర్టిఫికెట్ తీసుకోండి, ఇద్దరు సాక్షులను పెట్టుకోండి. జీపీఏ మీద ఆశ పెట్టుకోకండి, కారణం మొదటి జవాబులో ఉంది. తొందరపడి ఇల్లు గిఫ్ట్ డీడ్ మాత్రం రాయొద్దు. తప్పదనుకుంటే, నన్ను చూసుకోవాలన్న షరతు అందులోనే స్పష్టంగా రాయించండి, అప్పుడే 2007 వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కెళ్లి దాన్ని రద్దు చేయమని గట్టిగా అడగగలరు.